ఉస్సుమన్న తెల్ల గుండ్లు

పెద్దపల్లి బస్టాండులో దిగి, ఆటో పట్టుకుని, ఊరి చివర ఉన్న గోదారి ఫ్లోరో కంపెనీ గేటు ముందు నిలబడేసరికి డిటెక్టివ్ ఫిలిప్‌కి మొదట కనబడింది నేరం జరిగిన చోటు కాదు, జియావుల్లా మీసం.

కుడిపక్క తెల్లగా, ఎడమపక్క నల్లగా ఉంది. రంగు వేసుకుంటుంటే మధ్యలో కరెంటు పోయినట్టుంది. ఆ మీసం తొమ్మిదో తరగతిలో మొలిచింది. మొలిచిన వారానికే, దాని యజమాని క్లాసులో కునుకు తీస్తుంటే, ఒక పక్క గొరిగేసినవాడు ఫిలిప్. నలభై ఏళ్లు దాటిపోయినా ఆ పక్క మీసానికి పగ చల్లారలేదు.

"ఎవలు పిలిచిన్రు నిన్ను?" అన్నాడు జియావుల్లా. ఇప్పుడతను ఈ కంపెనీకి సెక్యూరిటీ ఆఫీసరు.

"నీ మీసమే పిలిచింది. సగం ముసలిదాన్నైన, జర సూసి పో బిడ్డా అన్నది."

"మజాక్ నక్కో ఫిల్లిగా. మా ఆపరేటర్ పరశురాములు చెయ్యి కాలి దవాఖానల పండుకున్నడు. షారోన్ దొంగ అని నేను రుజువు జేసిన. ఒంటిగంటకు సీఐ సాబ్ వస్తుండు, అప్పజెప్పుడే. నీకు పనిలేకుంటే పోయి తప్పిపోయిన బర్రెలను దేవులాడుకో."

"బర్రెలు దొరికినయ్. అవే చెప్పినయ్ నీ దగ్గరికి పొమ్మని. ఒంటిగంట దాక నాకియ్యి జియా. బుచ్చక్క పొద్దుగాల ఫోన్ల ఏడ్సింది."

బుచ్చక్క పేరు వినగానే జియావుల్లా చూపు పక్కకి తిరిగింది. గేటు తీయమని చెయ్యి ఊపాడు.

బుచ్చక్క, అంటే బుచ్చవ్వ, సామ్యూల్ సార్ భార్య. సామ్యూల్ సార్ అంటే, ఫిలిప్‌కీ జియావుల్లాకీ సగం బాల్యం. వెనకటికి గోదావరి ఒడ్డున ఎరువుల ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ముగ్గురివీ ఒకే కాలనీ ఇళ్లు. ఫిలిప్ వాళ్ల బాపు ఫిట్టరు, జియావుల్లా వాళ్ల నాయన డ్రైవరు, సార్ ల్యాబ్‌లో పెద్దాయన. పొద్దున షిఫ్టు సైరన్ మోగితే కాలనీ మొత్తం ఒకేసారి చాయ్ గ్లాసు కింద పెట్టేది. సాయంత్రం సార్ తన వరండాలో పిల్లలకి ఊరికే లెక్కలు, సైన్సు చెప్పేవాడు. ఫ్యాక్టరీ మూతపడింది. సైరన్ ఆగింది. జనం తలో దిక్కు పోయారు. సార్ ఒక్కడే పెద్దపల్లిలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, తన పరిశోధన తాను చేసుకుంటూ ఉండిపోయాడు. పోయిన ఏడాది చలికాలంలో అదే షెడ్డులో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ పని కూతురు షారోన్ అందుకుంది.

ఇప్పుడు ఆ కూతుర్నే, తండ్రి పనిని అమ్ముకుందని అంటున్నారు.

షారోన్‌ని విజిటర్ల గదిలో కూర్చోబెట్టి బయట కాపలా పెట్టారు. ముప్పై దాటిన మనిషి, ఒక్క రోజులో పదేళ్లు మీద పడ్డట్టుంది. ఫిలిప్‌ని చూడగానే కళ్లజోడు తీసి కొంగుతో తుడవసాగింది. అచ్చం వాళ్ల నాన్న అలవాటే.

"మామా, నేను అమ్ముకోలే."

"ఎరుకే. సామాను అమ్మేదానివైతే గీ కళ్లజోడు మార్చుకోకపోదువా? అది సార్ కంటె ముసలిది. ఇగ మొదటికెళ్లి చెప్పు. నేను పది ఫెయిలని యాది పెట్టుకొని చెప్పు."

షారోన్‌కి ఏడుపులోనే నవ్వు వచ్చింది.

"కెటలిస్ట్ అంటె ఎరుకే కద?"

ఎరుకే. వరండాలో ఒకనాడు సార్ అదే ప్రశ్న అడిగితే, ఫిలిప్ లేచి "పిల్లి జాతి సార్" అని చెప్పి, సాయంత్రమంతా గోడకుర్చీ వేశాడు. చివరికి సారే చెప్పాడు: పెండ్లికి పెద్దమనిషి ఉంటడు సూడు, గసొంటిది. వాడు లేకుంటె పిల్ల ఊరు పిల్లకు, పిలగాని ఊరు పిలగానికి. వాడొచ్చి ఇద్దర్ని కలుపుతడు. వాడు మాత్రం ఎట్ల వచ్చినోడు అట్లనే బువ్వ దిని పోతడు, మల్ల రేపు ఇంకో పెండ్లికి. ఆ పెద్దమనిషి కూసుండే గద్దెను సపోర్ట్ అంటరు. గద్దె గట్టిది లేకుంటె పెద్దమనిషి కూలవడ్తడు.

"సార్ చెప్పిండు. పెద్దమనిషి, గద్దె."

"గంతే. మామూలుగ అల్యూమినా గుండ్లు గద్దె లెక్క వాడ్తరు. అల్యూమినా అంటె ఆక్సైడ్, శెనగగింజంత తెల్ల గుండ్లు. బాపు ఏం జేసిండంటె, గద్దెనే పెద్దమనిషిని జేసిండు. ఆ గుండ్ల మీదికెళ్లి హెచ్ఎఫ్ యాసిడ్ ఆవిరి పంపి, మెల్లగ మెల్లగ ఆక్సైడ్‌ను ఫ్లోరైడ్ జేసిండు. పైకి సూస్తె అదే గుండు. లోపల మొత్తం మారిపోతది. ఏసీలల్ల పోసే గ్యాస్ తయారు జేసేటందుకు అసొంటిది కావాలె. కంపెనీ గిదే రియాక్టర్ల పోసి పరీక్ష పెట్టింది."

"మరి ఆడ ఏమైంది?"

"సోమవారం గుండ్లు పోసి యాసిడ్ ఆవిరి ఇడిసినం. వేడి ఒక్కసారి ఎగిసింది. అవుట్‌లెట్ల నీళ్లు వచ్చినయ్ మామా. ఆడ నీళ్లు రావద్దు. ఆక్సైడ్‌కు ఆ యాసిడ్ తగిల్తెనే నీళ్లు పుడ్తయ్. నీళ్లు కలిసిన యాసిడ్ పైపు అతుకు మీది గాస్కెట్‌ను తిన్నది. పరశురామన్న చెయ్యి గక్కడ ఉండె."

"అంటె పోసినయి సార్ జేసిన గుండ్లు కావు. ఉత్త గద్దెలు."

"కావు. నేను గదే మొత్తుకుంటున్న. డ్రమ్ముల ఇంక సగం ఉన్నయి, పరీక్ష చేస్త అంటె నన్ను ముట్టనియ్యలే."

"డ్రమ్ము ఇంట్లకెళ్లి ఎప్పుడు బయటికొచ్చింది?"

"శనివారం పొద్దుగాల. నా చేతుల్తోనే సీసం సీలు ఏసిన. ఆటోల పంపిన. ఈడ స్టోరుల హనుమండ్లన్న తీసుకున్నడు. సోమవారం అందరి ముందట సీలు తెంపిన్రు."

"అంతకుముందు?"

"గురు, శుక్రవారాలు హైదరాబాద్‌ల ఉన్న. నమూనా రిపోర్టు తేనీకి పోయిన."

"షెడ్డు తాళంచెవి?"

కళ్లజోడు మళ్లీ చేతిలోకి వచ్చింది. ఇప్పుడే తుడిచిన అద్దాల్ని మళ్లీ తుడిచింది.

"నా తోనే ఉండె."

ఫిలిప్ దర్వాజా దగ్గర చెవులు రిక్కించి నిలబడ్డ జియావుల్లా వైపు తిరిగి, "ఇన్నవా? గాస్కెట్, అవుట్‌లెట్. జవాబులన్ని ఇంగ్లీషుల వస్తున్నయి, నీకు అర్థమైతున్నయా?" అన్నాడు.

"నాకు అర్థమైంది ఒక్కటే," అన్నాడు జియావుల్లా. "చెవి ఆమె తాన. సీలు ఆమెది. రెండొద్దులు ఊర్ల లేదు. అసలు సరుకు హైదరాబాద్‌ల ఎవనికో అమ్మి, ఉత్త గుండ్లు మాకు తోలింది."

"మంచిగున్నది. ఇగ డ్రమ్మును అడుగుదాం పా."

స్టోరు గది రేకుల కప్పుది. డ్రమ్ము నీలం రంగు ప్లాస్టిక్‌ది, మూల బల్ల పక్కన ఉంది. తెగిన సీలు రెండు ముక్కలూ కవరులో భద్రంగా పెట్టారు. ఫిలిప్ వాటిని వెలుతురుకి పట్టి చూశాడు. సీసం మీద సార్ పాత ముద్ర, గోధుమ కంకి గుర్తు, ముక్కలుగా తెగినా గీత గీతకి అతికింది. తీగ ఎక్కడా వంగలేదు, అతుకు లేదు. డ్రమ్ము అడుగున కోత లేదు, మూత అంచున గీకుడు లేదు. ఈ గదిలో దీన్ని ఎవరూ ముట్టలేదు.

"ఒక స్టీల్ గ్లాసుల నీళ్లు తెప్పియ్యి," అన్నాడు ఫిలిప్.

"చాయ్ గూడ తెప్పియ్యాల్నా? ఉస్మానియా బిస్కిట్లు?"

"అవి గూడ తెప్పిస్తె కాదంటనా?"

నీళ్లు వచ్చాయి. షారోన్‌ని కూడా పిలిపించాడు. డ్రమ్ములోంచి ఒక గుండు తీయబోతే ఆమె అతని చేతి మీద ఠపీమని కొట్టి, రబ్బరు తొడుగులు విసిరింది. తొడుక్కుని, గుండు తీసి గ్లాసులో వేశాడు.

ఉస్‌స్...

గుండు పాములా బుసకొట్టింది. చుట్టూ సన్నని బుడగలు లేచాయి. ఇంకో గుప్పెడు వేస్తే గ్లాసంతా కసకసలాడింది. బయటినుంచి తాకితే గ్లాసు వెచ్చగా ఉంది.

ఆ చప్పుడు వినగానే ఫిలిప్ వయసు నలభై ఏళ్లు తగ్గిపోయింది. ఫ్యాక్టరీ వెనక పారబోసిన పాత గుండ్ల కుప్ప, దాని మీద జారుతూ ఆడే కాలనీ పిల్లలు, మోకాళ్లకి తెల్లటి దుమ్ము. గుండు నాలుక మీద పెట్టుకుంటే తడంతా పీల్చి జలగలా అతుక్కుంటుంది. అది కనిపెట్టిన మొదటి శాస్త్రవేత్త ఫిలిప్. కనిపెట్టిన వెంటనే చేసిన మొదటి ప్రయోగం...

"పిప్పరమెంటు అని చెప్పినవ్," అన్నాడు జియావుల్లా ఉన్నట్టుండి. అతను కూడా గ్లాసు వైపే చూస్తున్నాడు. "నాలికెకు అంటుకుంటె ఏడ్సుకుంట ఇంటికి ఉరికిన. అమ్మ చెంబెడు నీళ్లు పోసి ఊడవీకింది."

"పీకినంక నాకు సేమియా పెట్టింది. నిన్ను కొట్టింది."

"నిన్ను ఎందుకు కొట్టలే, గదే నాకు ఇప్పటి దాక సమజ్ కాలే."

మీసం రెండు రంగులూ ఒకేసారి కదిలాయి. నవ్వు వచ్చేలోపే అతను దాన్ని మింగేశాడు.

షారోన్ ల్యాబ్‌లోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తెచ్చింది. అందులో సార్ చేసిన అసలు గుండ్లు, శుద్ధి చేసిన పాత నమూనా. ఇంకో గ్లాసులో ఒకటి వేసింది. గుండు రెండు మూడు బుడగలు వదిలి, చప్పుడు లేకుండా మునిగింది. తర్వాత ఫిలిప్ తొడుగుల చేతుల్లో, ఎడమచేతిలో డ్రమ్ములోవి, కుడిచేతిలో సార్‌వి, గుప్పెడు గుప్పెడు పోసింది. చూపుకి కవల పిల్లలే. కానీ కుడిచెయ్యి బరువుగా కిందికి దిగింది.

"ఫ్లోరైడ్ అయితె బరువెక్కుతది మామా. డ్రమ్ముల ఉన్నయి ఉత్త ఆక్సైడ్."

అప్పటిదాకా బల్ల దగ్గర తలగోక్కుంటున్న స్టోర్ కీపర్ హనుమండ్లు ముందుకొచ్చాడు.

"గందుకేనా? నేను గూడ అనుకున్న సారూ. పోయినేడు సామ్యూల్ సార్ ఉండంగ గిదే డ్రమ్ము నిండ వస్తె, ఇద్దరం పట్టి దించినం. మూడొద్దులు నడుముకు ఉడుకునీళ్ల కాపడం పెట్టుకున్న. మొన్న శనివారం నేనొక్కన్నే బుజం మీద ఏసుకొని వచ్చిన. ముసలితనంల బలం పెరిగిందని ఇంట్ల చెప్పుకొని మురిసిన."



జియావుల్లా రెండు చేతులూ చరిచాడు. "ఇన్నవా ఫిల్లిగా! ఆటో దిగేటప్పటికే డ్రమ్ము తేలిక. అంటె ఈడ మారలే. ఇంట్లనే మారింది. నువ్వు తెచ్చిన సాక్షి నా సాక్షే అయిండు. షుక్రియా!"

ఫిలిప్ పని ఉరితాడు తప్పించడానికి వచ్చినవాడు తానే ముడి బిగించినట్టయింది. షారోన్ వైపు చూశాడు. ఆ పిల్ల ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. చూపు హనుమండ్లు మీద లేదు, డ్రమ్ము మీదా లేదు. ఎక్కడో ఇంటి వెనక షెడ్డులో ఉంది.

"నేనే మార్చిన," అంది మెల్లగా. "రాసుకోండ్రి. నేనే అమ్మిన."

"ఎవలకు?" అన్నాడు ఫిలిప్.

"హైదరాబాద్‌ల... ఒక కంపెనీకి."

"ఎట్ల తీస్కపోయినవ్? బస్సులనా?"

"ఆ. బస్సులనే."

"ఇద్దరు మొగోళ్ల నడుము ఇరిగే సరుకు, నువ్వొక్కదానివే పల్లె వెలుగుల సీటు కింద పెట్టుకొని పోయినవ్. కండక్టరు టికెట్ కొట్టిండా, ఊకున్నడా?"

షారోన్ కళ్లజోడు మళ్లీ తీసింది.

"సార్ బిడ్డవే. బొంకుడు ఆయనకూ చాతకాకపాయె." ఫిలిప్ జియావుల్లా వైపు తిరిగాడు. "ఇది ఒప్పుకోలు కాదు. ఎవలకో అడ్డం నిలవడుడు."

"నువ్వు డిటెక్టివ్‌వా, వకీలువా?" జియావుల్లా గొంతు పెరిగింది. "నోటితోని ఒప్పుకున్నంక గూడ నీకు అనుమానమా? నాకు మజా అనుకుంటున్నవా ఈమెను పట్టిచ్చుడు? కాలనీ మూసినంక మా నాయన బేకార్. నన్ను ఎవలు పనిల పెట్టిచ్చిన్రు? సార్. చెయ్యి పట్టుకొని నాలుగు కంపెనీల చుట్టు తిప్పిండు. ఆయన పాణం వోసి జేసిన గుండ్లను బిడ్డే అమ్ముకున్నదంటె, నా కడుపుల ఎంత మంట ఉంటదో నీకేమెరుక? నీకు అన్ని పిప్పరమెంట్లే!"

 

అప్పుడే రేకుల మీద వాన మొదలైంది. ముందు చిటపట, తర్వాత ధారగా. వానాకాలం మొదటి గట్టివాన. డ్రమ్ములో తెల్లటి గుండ్లు. రేకుల మీద ఆ చప్పుడు.

ఈ మూడూ కలిసి ఫిలిప్‌ని ఒక వంటింట్లోకి లాక్కుపోయాయి. కాలనీలో తొలివాన పడ్డనాడు బుచ్చక్క పాత చీర చింపి గుడ్డముక్కలు చేసేది. సార్ చాటలో గుండ్లు పోసి తెచ్చేవాడు. ఆమె ముడులు కట్టి ఇంటింటికీ పంచేది. మూట ఉప్పు జాడీలో వేస్తే తడంతా గుండ్లు తాగేవి. వానాకాలమంతా కాలనీలో ఎవరింట్లోనూ ఉప్పు నీరుకారేది కాదు. కొత్త కోడళ్లు కాపురానికి వస్తే సారె కంటే ముందు బుచ్చక్క మూట అందేది. ఫిలిప్ వాళ్ల అవ్వ ఆ మూటను ఎండలో పెట్టి, మళ్లీ జాడీలో వేసి, మళ్లీ ఎండబెట్టి, ఏడాదంతా వాడేది.

"ఆ ఇంట్ల ఇద్దరే మనుషులు," అన్నాడు ఫిలిప్ తనలో తాను.

"మామా, వద్దు," అంది షారోన్, తల్లి పేరు రాకముందే. "అవ్వను అడగకు. ఆమె నా డ్రమ్ము ముట్టింది కావచ్చు, ఎందుకు ముట్టిందో నాకు తెల్వదు. పోలీసోళ్లు ఆమెను నిలవెట్టి అడిగితె తట్టుకోదు."

దర్వాజాలో గొడుగు ముడుస్తున్న చప్పుడైంది.

"ఎవల్ని అడగొద్దు?" అంటూ బుచ్చవ్వ లోపలికి వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా. డెబ్బై ఏళ్ల మనిషి, చీర కుచ్చెళ్లు తడిసి కాళ్లకి అంటుకున్నాయి. "బిడ్డ పొద్దటిసంది తిన్నదా లేదా ఎవలన్న అడిగిన్రా? జియా, నువ్వు గూడ దా, నీకు సుత పెట్టుకొచ్చిన. దొంగతనం తిన్నంక పట్టొచ్చు."

జియావుల్లా తలవంచుకున్నాడు.

ఫిలిప్ ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని, కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. గొంతు మెత్తగా చేసుకున్నాడు. "బుచ్చక్కా, వాన వడ్తుంటె పాత కాలనీ యాదికొచ్చింది. ఈసారి గుండ్లు పంచినవా?"

ముసలామె ముఖం విచ్చుకుంది. "పంచకుంటె ఎట్లరా? ఆయన లేని మొదటి వానలు. ఆయన లేడని ఆపుతనా? ఎప్పటికంటె ఎక్కువనే పంచిన. బేస్తవారం నాడు, బిడ్డ హైదరాబాద్‌ల ఉండంగ, చర్చి స్త్రీల సమాజం కూడిక మనింట్లనే పెట్టుకున్నం. కాలనీ పాతోళ్లను గూడ పిలిచిన. తలా ఒక పెద్దమూట. సార్ యాది అని చెప్పిన. అందరు ఏడ్సిన్రు."

"షెడ్డు తాళంచెవి?"

"ఇది హైదరాబాద్ పోయేటప్పుడు నాకే ఇచ్చిపాయె కద."

షారోన్ కళ్లు మూసుకుంది.

"ఏ డ్రమ్ములకెళ్లి తీసినవక్కా?"

బుచ్చవ్వ కొంచెం తడబడింది. చీర అంచు పిండుకుంటూ కూతురి వైపు ఓరగా చూసింది. "ఎప్పుడైన ఆయనే తీసిచ్చేది. నేను షెడ్డుల అడుగు వెట్టకపోయేది. రెండు డ్రమ్ములు ఉన్నయి. పాతదాని మూత బిగుసుకున్నది, రాలే. కొత్తదాని మూత వదులుగుండె. గుండ్లు గుండ్లే కద అని అండ్లకెళ్లే తోడిన. అడుగు కనవడ్డంక భయమైంది, బిడ్డ కోపం జేస్తది అని. పాతదాని మూత సుత్తెతోని కొట్టి తీసి, ఆ గుండ్లు తెచ్చి కొత్తదాన్ల నింపిన. పైన మంచిగ సదిరిన. తప్పా?"



దొంగ లేడు. దొంగతనమూ లేదు. ఒక ముసలామె తన మొగుడి పేరు నిలబెట్టింది, అంతే. ఫిలిప్‌కి పగలబడి నవ్వాలనిపించింది. జియావుల్లా భుజం చరిచి, "పంపు నీ సీఐని, ఉప్పు జాడీని అరెస్టు చేయమను" అందామని నోరు తెరిచాడు కూడా.

షారోన్ ముఖం చూసి నోరు మూశాడు.

ఆమె లేచి నిలబడింది. "అవ్వా. ఆ మూటలు ఉప్పుల ఏసిన్రా?"

"మరి ఇంక దేంట్ల ఏస్తరు?"

"అవి ఇంకా శుద్ధి జెయ్యలే అవ్వా. గుండ్ల లోపటి రంధ్రాల్ల యాసిడ్ ఇంకా ఉన్నది. ఈడ రియాక్టర్ల పోసినంక పొడిగాలి పంపి దాన్ని ఎళ్లగొట్టాలె. తడి తగిల్తె కక్కుతది. ఉప్పు వానాకాలం తడి గుంజుతది..." ఆమె ఫిలిప్ వైపు తిరిగింది. "మామా, అది విషం. గాజును తినే యాసిడ్. కడుపుల వడ్తె గుండె ఆగుతది."

బుచ్చవ్వ చేతిలోంచి గొడుగు జారిపడింది.

"మా అమ్మకు ఇచ్చినవా?" అన్నాడు జియావుల్లా. ఆ గొంతు సెక్యూరిటీ ఆఫీసరుది కాదు. నాలుకకి గుండు అతుక్కున్న పిల్లవాడిది.

"మహబూబ్‌బీకే మొదటి మూట పంపిన కదరా..."

అతను అప్పటికే ఫోన్ చేశాడు. అవతల మహబూబ్‌బీ గొంతు గదంతా వినబడింది. "ఆ మూటనా? అల్మారల పడేసిన బేటా. కాలనీ సామాను అన్నరు, అండ్ల ఆ షైతాన్ ఫిలిప్ చెయ్యి ఉంటదని ముడి గూడ ఇప్పలే. ఏం దూకుతదో ఏమో."

జియావుల్లా గోడకి ఆనుకుని ఊపిరి వదిలాడు. ఫిలిప్ వైపు చూసిన చూపులో, మీసం గొరిగిన నేరం మాఫీ అయిపోయింది.

"ఇంకెవలెవలకు, బుచ్చక్కా? అందరికంటె పెద్దమూట ఎవలకు?" అన్నాడు ఫిలిప్.

ముసలామె పెదవులు కదిలాయి. "హాస్టల్ వంటామె దేవవ్వకు. మన చర్చి హాస్టల్. పిల్లలు మస్తుగున్నరు, పెద్ద ఉప్పు డబ్బా ఉంటదని... ఇయ్యాల కొత్త ఉప్పు పోసి అండ్ల ఏస్తనన్నది."

ఫిలిప్ గోడ గడియారం చూడలేదు. చూడక్కర్లేదు. ఆ హాస్టల్‌లో మధ్యాహ్నం గంట ఎప్పుడు కొడతారో అక్కడ రెండేళ్లు తిన్న కడుపుకి తెలుసు. ఫోన్ తీశాడు. స్పీకర్ పెట్టాడు.

"దేవవ్వా! నేను ఫిలిప్‌ను. పిల్లలకు అన్నం పెట్టకు. కూర, పప్పు అన్ని పక్కకు పెట్టు. ఉప్పుల విషం ఉన్నది!"

అవతల గిన్నెల చప్పుడు, పిల్లల గోల. తర్వాత దేవవ్వ నవ్వు. "మల్ల షురూ జేసినవా? పోయిన క్రిస్మస్‌కు బిషపు సారు బువ్వకొస్తుండని చెప్పి నాతోని మూడు తవ్వల పప్పు రుబ్బిచ్చినవ్. గారెలన్ని జేసినంక బిషపూ లేడు, పాస్టరూ లేడు. నువ్వే వచ్చి తిన్నవ్."

"దేవవ్వా, నీ కాళ్లు మొక్కుత, ఇది మజాక్ కాదు!"

"గప్పుడు గూడ గిదే మాట అన్నవ్. పెట్టెయ్ ఫోను, పిల్లలు ఆకలిమీదున్నరు."

"ఒట్టు! మా అవ్వ మీద ఒట్టు!"

"మీ అవ్వ మీద ఎన్ని ఒట్లు పెట్టినవో పాపం, పైన ఆమెకే ఎరుక."

జీవితమంతా ఊరిని నవ్వించిన నోరు ఫిలిప్‌ది. ఇవాళ ఒక్క నిజం చెబితే కొనేవాడు లేడు. అతని చేతిలోంచి జియావుల్లా ఫోన్ లాక్కున్నాడు.

"దేవవ్వా. నేను జియావుల్లా. పప్పు గిన్నె దించు."

అవతల నవ్వు ఆగిపోయింది. పుట్టిన నాటి నుంచీ జియావుల్లా హాస్యమాడినట్టు పెద్దపల్లిలో ఎవరికీ తెలియదు.

పెద్ద గిన్నె నేల మీద పడ్డ చప్పుడు. "ఎవలు తినకున్రి! చేతులు తీయున్రి!" అన్న అరుపు. పిల్లల గోల ఒక్కసారిగా సద్దుమణిగింది. తర్వాత దేవవ్వ గొంతు మళ్లీ వచ్చింది. ఇందాకటి గొంతులా లేదు.

"సారూ... పెద్ద పిల్లలను ఆపిన. చిన్నోళ్ల బంతి అప్పుడే అయిపాయె సారూ. తిని లేసిన్రు. ఇద్దరు నోరు మండుతుందని నీళ్లు తాగవోయిన్రు..."

"పాలు!" షారోన్ ఫోన్‌లోకి అరిచింది. "దేవవ్వా, తిన్నోళ్లందరికి పాలు తాగిపియ్యి. ఎన్ని దొరికితె అన్ని. పక్క హోటల్లకెళ్లి తెప్పియ్యి. యాసిడ్‌ను పాలు పట్టుకుంటయ్. వాంతి జేపియ్యకు. అంబులెన్స్‌ను పిలువు, డాక్టర్‌తోని ఫ్లోరైడ్ అని చెప్పు. ఫ్లోరైడ్! నేను మందు తీసుకొని వస్తున్న."

ల్యాబ్‌లోకి పరుగెత్తి, కాల్షియం మందు డబ్బాలు ఒడిలో పోసుకుని బయటికి వచ్చేసరికి, వానలో పోలీసు జీపు గేటు దాటి లోపలికి వస్తోంది. ఇంకా ఆగలేదు. షారోన్ ఎదురు పరుగెత్తి, వెనక తలుపు తానే గుంజి, ఎక్కి కూర్చుంది. ఆమె వెనకే ఒకవైపు నుంచి ఫిలిప్, ఇంకోవైపు నుంచి జియావుల్లా. దర్వాజాలో బుచ్చవ్వ మూటలు తీసుకున్న ఒక్కొక్కరి పేరూ చెబుతూ హనుమండ్లుతో ఫోన్లు చేయిస్తోంది.

సీఐ వెనక్కి తిరిగి బిత్తరపోయి చూశాడు. "ఎవరమ్మా నువ్వు?"

"మీరు పట్టుకపోనీకి వచ్చింది నన్నే సార్. బేడీలు తొవ్వల ఏద్దురు, ముందుగాల బండిని హాస్టల్ దిక్కు తిప్పున్రి!"